రోశమ్మ కాయితం

ఎనభయ్యారు మే నెల, నరసరావుపేట. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ల్యాబులో చెన్నకేశవులు ఒక్కడే చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. సుఖరోగానికి కొత్త పరీక్ష వచ్చింది. పాత పరీక్ష ఎన్నిసార్లు తప్పు చెప్పిందో తేల్చమని, రోగుల నెత్తురు నుంచి తీసి దాచిన పాత సీరం గొట్టాలన్నీ అతని ముందు పెట్టించి డాక్టరుగారు భోజనానికి వెళ్లారు.

ఒక గొట్టం దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. రోశమ్మ, రెంటచింతల.

నిరుడు వచ్చింది. ఐదో నెల కడుపు, పైగా మలేరియా జ్వరం. అట్లాంటప్పుడు పాత పరీక్ష లేని జబ్బును కూడా ఉందంటుందని చెన్నకేశవులుకి తెలుసు. తెలిసీ రెండోసారి చూడలేదు, మాయదారి బద్ధకం! ఆడవాళ్ల కాయితం మొగుడి చేతికివ్వడం అక్కడ మామూలే. అంకారావుకిచ్చి "జబ్బుంది" అన్నాడు. "ఎవడంటించాడే?" అంటూ అంకారావు ఆమెను బజార్లోనే జుట్టు పట్టి ఈడ్చాడు. మూడోనాడు క్వారీ గుంటలో శవమై తేలింది.

కొత్త పరీక్షలో సీరానికి కలిపిన ఎర్రకణాలు పరుచుకుంటే జబ్బున్నట్టు. అడుగున బొట్టులా కూర్చుంటే లేనట్టు. "పరుచుకోవాలి స్వామీ, ఆ పాపం నాది కాకుండా చూడు" అని మొక్కుకున్నాడు. గంటయ్యాక చూశాడు.

బొట్టు. గుండ్రంగా, ఎర్రగా...

చెన్నకేశవులు బావురుమన్నాడు. "తల్లీ, నిన్ను నేనే పొట్టన పెట్టుకున్నానే!"

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. అంత ఎండలోనూ పాచి నీళ్ల వాసన... కిటికీ అవతల ఎవరో ఉన్నారు.

"అన్నా... నా కాయితం వచ్చిందా?"

తల ఎత్తలేకపోయాడు. రిపోర్టు రాసి సంతకం పెట్టాడు.

"ఈసారి ఆయనకియ్యమాక. నాకే ఇయ్యి."

తడి వేళ్లు కాయితం అందుకున్నాయి. చానా చల్లగా తగిలాయి.

"నాకు చదువు రాదన్నా. ఏందో చెప్పు."

"నీకే జబ్బూ లేదమ్మా... తప్పు నాదే."

అవతల సన్నగా ఏడుపు. ఎంతసేపో. తరవాత అదీ ఆగిపోయింది. వెళ్లిపోయిందనుకున్నాడు.

"మరి బిడ్డదో?"

ఉలిక్కిపడి చూశాడు. స్టాండులో రోశమ్మ గొట్టం పక్కన ఇంకోటి ఉంది. చిటికెనవేలంత. దాని మీద పేరు లేదు.

లోపల నెత్తురు... ఇంకా గడ్డకట్టలేదు.