కెర్నల్ చచ్చాక

రావులపాలెం అరటి మార్కెట్లో ఆ ఉదయం లారీ దింపుతున్న కూలీలకి గెలల కింద ఒక మనిషి దొరికాడు. తెల్ల చొక్కా, కళ్లజోడు, మెడకి బిగించిన నైలాన్ తాడు. పేరు సత్యప్రసాద్. అతను ఆ పూటే సీక్రెట్ సర్వీస్‌కి లొంగిపోబోతున్నాడని ఇద్దరికే తెలుసు. ఒకరు చీఫ్. రెండోవాడు అక్కడే టీ కొట్టు దగ్గర అతని కోసం కాచుకుని ఉన్న ఏజెంట్ హరిబాబు. మూడోవాడికి కూడా తెలిసిపోయిందని ఆ తాడు చెబుతోంది.

హరిబాబు టీ గ్లాసు కింద పెట్టేసి సెల్‌ఫోన్ తీశాడు. చీఫ్‌కి కలిపాడు.

"బోటు కోడ్ రాసింది ఆ సత్యప్రసాదే," అన్నాడు చీఫ్. "ఉప్పాడ నుంచి రాత్రి ఒక బోటు బయల్దేరింది. లోపల మనిషి లేడు. నిండా ఆర్‌డీఎక్స్. రేడియోతో నడుస్తోంది. చీకటి పడేలోగా సముద్రంలో ఉన్న గ్యాస్ రిగ్గుని గుద్దుతుంది. రిగ్గు మీద నలభై మంది ఉన్నారు."

"నేవీ?"

"చూడ్డానికి మామూలు చేపల బోటే. అలాంటివి సముద్రంలో వందలున్నాయి, అదేదో కనిపెట్టేలోగా పేలుతుంది. ఈ గాలికి రిగ్గు మీద హెలికాప్టర్ దిగట్లేదు. బోటుని ఆపే కోడ్ ఒక్కటే దారి. అది కాగితం మీద లేదు, డిస్క్‌లో లేదు. బోటు పంపిన వాల్టర్ సర్వర్ మెమరీలో మాత్రమే ఉంది. పాస్‌వర్డ్ తప్పు కొడితే మెమరీ తుడిచేసుకుంటుంది."

"మరి ఎలా సార్?"

"కెర్నల్‌ని చంపెయ్. సిస్టమ్ మొత్తానికి ఊపిరి అదే. అది క్రాష్ అయితే తుడిచే ప్రోగ్రామ్ కూడా దాంతోనే చస్తుంది. కానీ కరెంటు ఉన్నంతసేపూ మెమరీలో ఉన్నది అలాగే ఉంటుంది. పక్కనే దాక్కున్న ఇంకో చిన్న కెర్నల్ లేచి, మెమరీ అంతా నీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంది."

"ఆ చిన్న కెర్నల్‌ని ముందే లోడ్ చేసి ఉండాలి కదా?"

"అక్కడున్న మన లావణ్య మొన్నే చేసింది."

"చేశానని చెప్పింది," అన్నాడు హరిబాబు.

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

వాల్టర్ పైకి రొయ్యల ఎగుమతి కన్సల్టెంట్. అసలు పని ఒక విదేశీ ముఠాకి. భీమవరం నుంచి వచ్చి ఉప్పాడ ఒడ్డున హేచరీ కట్టుకున్న గోపాలరాజు దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని, సర్వర్ అందులో పెట్టాడు. రాజుగారికి ఈ గూఢచారుల గొడవేమీ తెలీదు. ఆయనకి తెలిసిన లోకమంతా సిమెంటు ట్యాంకుల్లో ఈదే రొయ్య పిల్లలే.

మధ్యాహ్నానికి సీడు, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లల్ని, కొనే ఆసామి వేషంలో హేచరీ గేటు దగ్గర దిగాడు హరిబాబు. ఖద్దరు చొక్కా, వేలికి లావుపాటి ఉంగరం. ఎదురొచ్చిన మనిషి ఉప్పాడ పట్టుచీరలో, నల్ల కళ్లద్దాల్లో మెరిసిపోతోంది. లావణ్య. వాల్టర్‌కి సెక్రటరీ, మనకి ఇన్‌ఫార్మర్. ఎవరికి ఎక్కువ నిజం చెబుతుందో ఆవిడకే తెలియాలి.

"మీ దగ్గర రాగండి పిల్ల దొరుకుతుందాండీ?" రొయ్యల హేచరీలో చేపపిల్లని అడిగే మనిషి ఉండడు. అదే వాళ్ల సంకేతం.

"ఎండలు ముదిరాక రండి, ఇప్పిస్తాను." నవ్వు చెరగకుండానే గొంతు తగ్గించింది. "వాల్టర్ బీచ్ వైపు ఉన్నాడు. త్వరగా."

ఇద్దరూ గదిలోకి వెళ్లి బోల్టు పెట్టుకున్నారు. ఊళ్లో కరెంటు పోయింది. ఫ్యాను లేదు, లైటు లేదు, కిటికీ చెక్కలు మూసి ఉన్నాయి. బయట జనరేటర్ దడదడలాడుతోంది. హేచరీలో కరెంటు పోతే జనరేటర్ లైను ముందు బ్లోయర్లకే ఇస్తారు. ట్యాంకుల్లోకి గాలి ఆగితే లక్షల పిల్లలు నిమిషాల్లో తేలిపోతాయి. ఊరు మునిగినా ఆగని లైను అదొక్కటేనని తెలిసి, వాల్టర్ తన సర్వర్‌ని కూడా దానికే తగిలించుకున్నాడు. ఉప్పు గాలికి దెబ్బతిన్న యూపీఎస్ బ్యాటరీ, జనరేటర్ అందుకునే నాలుగు క్షణాలకి మించి నిలవదు.

హరిబాబు సర్వర్‌కి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ గుచ్చాడు. ఆల్ట్, సిస్‌రిక్యూ, సి. మూడు మీటలు కలిపి నొక్కితే కెర్నల్ చస్తుంది. వేళ్లు వాటి మీద ఉన్నాయిగానీ కదలడం లేదు.

"నిజంగా లోడ్ చేశారా?"

"చేశానండి."

"చెయ్యకపోతే ఆ నలభై మందిని మన చేత్తో మనమే చంపినట్టు."

లావణ్య హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. అది తలుపు వైపు ఉందో, తన వైపు ఉందో ఆ చీకట్లో అతనికి తెలియలేదు. హరిబాబుకి భయం వేసింది. గూఢచారులకి భయం ఉండదని రాసేవాళ్లని తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి.

కళ్లు మూసుకుని నొక్కాడు.

తెర నిండా పిచ్చి అక్షరాలు పరిగెత్తాయి. తర్వాత నలుపు. ఆ నలుపు పోవడం లేదు. చచ్చిపోయింది, అంతా పోయింది, అనుకున్నాడు.

తెల్లటి అక్షరాలు ఒక వరస లేచాయి. కాపీ మొదలైంది. రెండు శాతం. మూడు.

"చెప్పానుగా," అంది లావణ్య.

బీచ్‌లో వాల్టర్ లాప్‌టాప్‌కి సర్వర్ జవాబు ఇవ్వడం మానేసింది. వాడు పరిగెత్తుకొచ్చాడు. తలుపు మీద గుద్దులు. "లావణ్యా! ఓపెన్!" బోల్టు సీలలు గోడలోంచి కదులుతున్నాయి. ముప్ఫై శాతం. ఉన్నట్టుండి గుద్దులు ఆగిపోయాయి. అడుగుల చప్పుడు దూరమైంది. గుద్దులకంటే అదే ఎక్కువ భయపెట్టింది.

"జనరేటర్ దగ్గరికి," అంది లావణ్య.

కిటికీ చెక్కల సందులోంచి చూశారు. వాల్టర్ షెడ్డులోకి దూరి మెయిన్ లీవర్ పట్టుకున్నాడు. లాగాడంటే మెమరీ అంతా ఆవిరే. హరిబాబు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. తను బయటికెళ్తే మెషీన్ దగ్గర మిగిలేది లావణ్య. ఆవిణ్ణి ఇంకా పూర్తిగా నమ్మలేకపోతున్నాడు. అరవై శాతం.

లీవర్ సగం కదిలింది. జనరేటర్ దగ్గింది. తెర మసకబారింది.

"ఏంటండీ వాల్టర్ గారూ ఆ పని!" ట్యాంకుల మధ్యనుంచి గోపాలరాజు కేక. "లోపల పిల్లలున్నాయండీ!"

వాల్టర్ వినలేదు. రాజుగారు ఇంకో మాట మాట్లాడలేదు. భారీ మనిషి, వెళ్లి మీద పడ్డారు. వెనకాలే హేచరీ కుర్రాళ్లంతా దూకారు. ఎవడో వల విసిరాడు. తుపాకీ ఒకటి పేలి రేకు కప్పుకి కన్నం పడింది. వాల్టర్ చేతిలో తుపాకీ ఉందని రాజుగారు అప్పుడే చూశారు. ముందే చూసి ఉన్నా ఆగేవారు కాదు. బ్లోయర్ లైను ఆపే మనిషిని హేచరీలో ఎవరూ దొరగా చూడరు. వాల్టర్ ఆ లైను వాడుకున్నాడుగానీ, దాన్ని కాపలా కాసేవాళ్లని లెక్కలో వేసుకోలేదు.

ఒక కుర్రాడు లీవర్ వెనక్కి నెట్టాడు. తెర మళ్లీ వెలిగింది. తొంభై. వంద.

హరిబాబు తన లాప్‌టాప్‌లో డ్రైవ్ పెట్టి మెమరీ గాలించాడు. చెత్త, చెత్త, చెత్త. లావణ్య వేలు తెర మీద ఆగింది. "ఇదిగోండి." అతను చీఫ్‌కి ఫోన్‌లో ఒక్కో అక్షరం చదివాడు. ఒక అక్షరం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అటు చీఫ్ దాన్ని రేడియోలో బోటుకి పంపిస్తున్నాడు. రిగ్గు మీద ఆ పూట వంట ఎవరు చేస్తున్నారో, ఎవరు నిద్రపోతున్నారో అని ఆలోచన వచ్చి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆగింది," అన్నాడు చీఫ్. "రిగ్గు మీదవాళ్లకి బోటు ముందు రాసిన అమ్మవారి పేరు కనిపిస్తోందట. భయపడ్డావా?"

"లేదు సార్," అన్నాడు హరిబాబు. ఫోన్ పెట్టేసి, తలుపు బోల్టు ఇంకా ఉందో లేదో మరోసారి చూసుకున్నాడు.

మళ్లీ తలుపు చప్పుడు. ఇద్దరూ ఎగిరిపడ్డారు. లావణ్య పిస్టల్ ఎత్తింది.

"ఏమండీ, సీడు కొనేవారూ," బయట గోపాలరాజు గొంతు, ఆయాసంతో, మహా మర్యాదగా. "మీ పని అయిపోతే ఆ కంప్యూటర్ ఆపుతారా? బ్లోయర్‌కి కరెంటు చాలక ట్యాంకులకి గాలి తగ్గుతోందండీ."