ముందు టికెట్ తీసుకోండి

"ఎవరు కట్టారు?"

వార్డులో అడుగు పెడుతూనే మిరప గట్టిగా అడిగింది. కోపం ముక్కు మీదే ఉంటుందని నానమ్మ పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడా నానమ్మ చేతులు రెండూ మంచం కమ్మీలకు గుడ్డ పట్టీలతో కట్టి ఉన్నాయి.

"నేనే," అంది నర్సు. "సెలైన్ సూది పీకేసుకుంటున్నారు. మంచం దిగి అందరి దగ్గరికీ పోతున్నారు. పడితే ఎవరిది పూచీ?"

"మా నానమ్మేమైనా దొంగా?"

"మెల్లగా మాట్లాడు."

మిరపకు ఒళ్లు మండిపోయింది. కట్టులోనే నానమ్మ వేళ్లు కదులుతున్నాయి, కాగితం చింపుతున్నట్టు. "టికెట్... టికెట్..."

నానమ్మ ఒకప్పుడు బస్సు కండక్టరు. మతిమరుపు జబ్బు వచ్చాక ఆవిడకు ఇల్లూ బస్సే, ఆసుపత్రీ బస్సే. అందరూ టికెట్ తీసుకుంటే చాలు, కుదురుగా కూర్చుంటుంది.

"ఈ నర్సుకు గట్టిగా చెప్పమ్మా," అంది మిరప వెనకే వచ్చిన అమ్మతో.

అమ్మ నీరసంగా చూసింది. "చేర్పించిన రోజు నర్సు నిన్ను అడిగిందట కదే, పెద్దావిడ దేనికి కుదుటపడతారని. నేను మందుల షాపులో ఉన్నాను. నువ్వేం చెప్పావు?"

మిరపకు ఆ రోజు గుర్తొచ్చింది. పక్క మంచం మీద ఉన్నది తన క్లాసు పిల్ల వాళ్లమ్మ. అక్కడే ఉన్న ఆ పిల్ల వింటే నవ్వుతుందని, "ఏం లేదు, మామూలుగానే ఉంటుంది" అనేసింది.

కోపం గిర్రున తిరిగి తన మీదికే వచ్చింది. అయినా నర్సు మీదా కొంత మిగిలింది.

"సిగ్గేసి చెప్పలేదు. తప్పు నాదే," అంది. "కానీ కట్టేముందు ఇంకోసారి అడగొచ్చుగా. వరండాలోనే ఉన్నాం. చూసే టైము కాదని మీరే బయటికి పంపేశారు."

నర్సు చూపు కట్ల మీదికి పోయింది.

"విప్పండి. మేం పక్కనే ఉంటాం."

"మళ్లీ పీకేస్తే?"

"సూది ముట్టుకునే ముందు టికెట్ తీసుకోండి. పీకదు."

నర్సు అమ్మ వైపు చూసింది. అమ్మ తలూపింది. కట్లు ఊడాయి. మణికట్ల మీద ఎర్రటి చారలు.

క్లాసు పిల్ల కళ్లు విప్పార్చుకుని చూస్తోంది. చూడనీ. మిరప చేయి చాపింది.

"ఒక హాఫ్ ఇవ్వండి."

నానమ్మ ఎగాదిగా చూసింది. "ఇంత పొడుగుండి హాఫేంటి? ఫుల్లే." లేని కాగితం చింపి అరచేతిలో పెట్టింది.

నర్సు కూడా మెల్లగా చేయి చాపింది. "నాకూ ఒకటి."

"చిల్లరుందా? లేకపోతే దిగిపో."

పక్క మంచం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మిరప నవ్వలేదు.

"ఆవిడది నేనిస్తాను," అంటూ ఖాళీ గుప్పిట నానమ్మ చేతిలో తెరిచింది. తన చేతిని అలాగే ఆ ఎర్రచారల మీద ఉంచింది.