శవం లేని శోకం

ఏ వయసులో ఎవరికి ఏ పురుగు కుడుతుందో చెప్పలేం. మా నారిన్ పట్నంలో పశువుల డాక్టరొకడు డెబ్బయ్యో ఏట ఈత నేర్చుకుంటానని ఏటి మంచునీళ్ళలో దిగాడు. అది వేరే సంగతి, దానికి నవ్వొస్తుంది. సైరాగుల్‌కి మాత్రం కథల పురుగు కుట్టింది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరివాళ్ళ మాటలు కలుపుతూ, కొన్ని వింటూ గడిపిన మనిషి. ఉద్యోగం విరమించాక, చెవుల్లో పేరుకున్నదంతా కాగితం మీద పెట్టాలనిపించింది. వారానికోసారి గ్రంథాలయంలో రాసేవాళ్ళు కూడుకుంటుంటే, వెళ్ళి చేరింది.

"ముసలిదానా, ఉప్పు పులుసులో వేశావా, కథలో వేశావా?" అనేవాడు మొగుడు జపార్.

"రెండింట్లోనూ వేశాను. నీ నాలుకే మొద్దుబారింది, ముసలాయనా."

ఎగతాళి చేసేవాడే గానీ, ఆమె రాసుకుంటూ కూర్చుంటే పొయ్యిలో పిడకలు తనే ఎగదోసేవాడు. అలాంటి మొగుడు దొరకడం కష్టం. ఆ సంగతి ఆమెకి తెలుసు, చెప్పేది కాదు.

ఆ ఏడు చలి దిగేముందు ఒక గొర్రెలకాపరి చావు గురించి కథ మొదలుపెట్టింది. అందులో పెళ్ళాం మొగుడికి శోకాలు పెట్టాలి. మా ఆడవాళ్ళు పోయినవాడి గుణగణాలు పాటగా అల్లి, శవాన్ని ఉంచిన కంబళి గుడారంలో గోడకేసి తిరిగి పాడతారు. అది విని మగవాళ్ళు వీధి మలుపు నుంచే గొంతెత్తి ఏడుస్తూ వస్తారు. శోకం వినబడిందంటే లోపల శవం ఉన్నట్టే. పిల్లలు ఆటకి పాడినా పెద్దవాళ్ళు మూతిమీద కొడతారు.

సైరాగుల్ బాగా దగ్గరగా ఎరిగిన మగాడు ఒక్కడే. కాపరికి జపార్ నడక ఇచ్చింది, దగ్గు ఇచ్చింది, పేరూ ఇచ్చింది. తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంది.

గ్రంథాలయంలో చదివితే, అక్కడి ఉద్యోగిని ఐజర్కిన్ పెదవి విరిచింది.

"ఏమనుకోకు అత్తా, ఉత్త కాగితం వాసన. ఒక్కసారైనా గొంతెత్తి పాడి చూశావా?"

ఆ మాట ముల్లులా దిగింది.

మర్నాడు జపార్ కనుమ అవతల ఎండుగడ్డి తేవడానికి ట్రక్కు తీసుకుపోయాడు. సాయంత్రం టీకి వచ్చేస్తానన్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి కొండమీంచి పొగమంచు దిగింది. పెరట్లో కంబళి గుడారం ఉంది. చలికాలానికి చుట్టి దాచేముందు ఆరడానికి వేసింది. ఈ మంచులో వీధికి వినబడదని, సైరాగుల్ లోపలికి వెళ్ళి తెర దించుకుంది.

తడి ఉన్ని వాసన. పాత పొగ వాసన. గోడకేసి కూర్చుంది. మొదటి చరణం కాగితంలో ఉన్నట్టే అప్పజెప్పింది. తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో, గుండెల్లోంచి తన్నుకుని వచ్చింది. జపార్ పేరు పెట్టి పాడింది. నిజంగానే ఏడ్చింది. ఇదే కదా కావాల్సింది, అనుకుంది సంతోషంగా.

అప్పుడు వీధి మలుపులో ఒక మగగొంతు ఏడ్చింది.

"అయ్యో నా అన్నా... నా అన్నా..."

పొరుగువాళ్ళు పొరబడ్డారు. పరువు పోయింది! చటుక్కున ఆపేసింది. ఏడుపు ఆగలేదు. ఇంకో గొంతు కలిసింది. ఇంకొకటి... గేటు చప్పుడు కాలేదు. ఏడుపులు మాత్రం పెరట్లోకి వచ్చాయి. కంబళి గోడ బయటినుంచి లోపలికి వంగింది, ఎవరో నుదురు ఆనించినట్టు.

ఆమె చెవి పక్కనే, గుసగుసగా...

"ఆపకు, వదినా. అన్నని ఇంకా తీసుకురాలేదు."

సైరాగుల్ రెండు చేతులతో నోరు మూసుకుంది. పాడితే పోతాడు. పాడకపోతే వస్తాడు. ఆమె బుర్రలో ఇంకేమీ లేదు. ఎంతసేపు అలా ఉందో తెలీదు. బయట ఒక్కొక్క గొంతే తగ్గింది. నిశ్శబ్దం.

తెర లేచింది. జపార్.

ట్రక్కు చప్పుడు ఆమెకి వినబడలేదు.

"చీకట్లో ఏం చేస్తున్నావే?" అన్నాడు. గొంతు బాగా అలిసిపోయి ఉంది.

ఆమెకి ప్రాణం లేచివచ్చింది. "దారి బాగుందా?"

"ఏం కనబడలేదు. కనుమ దగ్గర చాలామంది చెయ్యెత్తారు, ఎక్కించుకున్నా. అందరూ నడుముకి గుడ్డలు బిగించుకుని, కర్రల మీద వాలి ఉన్నారు."

చావింటి మగవాళ్ళు అలా ఉంటారు.

"ఎవరు పోయారని అడిగావా?"

"అడిగా. నీ ఇంటికే పోనీ, అక్కడ చెబుతాం అన్నారు."

అంటూనే అతను ఎడమవైపుకి నడిచాడు. గుడారంలో మగవాడి శవాన్ని పడుకోబెట్టేది అటే.

"అక్కడొద్దు. ఇంట్లోకి పద, టీ పెడతాను."

"ఒళ్ళంతా చల్లబడిపోయింది. కాసేపే..."

పడుకున్నాడు. గోడకేసి తిరిగాడు.

"లే, ముసలాయనా." చెయ్యి పట్టుకుని లాగింది. బరువుగా ఉంది. "లే..."

బయట మగగొంతులన్నీ ఒక్కసారి లేచాయి. వాటి మీదుగా, గుడారం లోపలే, ఒక ఆడగొంతు శోకం ఎత్తుకుంది. సైరాగుల్ గొంతు. ఆమె పెదవులు తడుముకుంది. బిగించే ఉన్నాయి.

గొంతు పాడుతూనే ఉంది. ఆమె రాసిన చరణాలు దాటిపోయింది. జపార్ పొయ్యిలో పిడకలు ఎగదోసే తీరు చెప్పింది, ఆమె ఎవరికీ చెప్పనిది. ఆ పాటలో ఎక్కడా కాగితం వాసన లేదు.