నల్లమడుగు దగ్గర దగ్గు

పొద్దువాలాక నల్లమడుగు వైపు ఎవరూ పోరు. ఊరి దీపాలు కనబడనంత ఎత్తున, కొండ నడినెత్తిన ఉంటుంది. పోయిన సెప్టెంబర్లో ఫార్కర్ అక్కడే, గాలపు కర్ర చేత్తో పట్టుకునే ప్రాణం విడిచాడు. అప్పట్నుంచీ మసకవేళ అక్కడ ఎవరో దగ్గుతారని చెప్పుకుంటారు...

ఫార్కర్ దగ్గు ఎరగనివాడు ఆ లోయలో లేడు. ఎవడైనా చేపను చూపిస్తే చాలు, దాన్ని పైకీ కిందికీ చూసి — "ఉహ్హు." చిన్నదిలే అని దానర్థం.

ఆ దగ్గు అందరికన్నా ఎక్కువ తిన్నవాడు లాక్లన్. ఫార్కర్ చెల్లెలు ఎఫీని కట్టుకున్న పాపానికి. ఆ మడుగులోనే ఫార్కర్ ఒకప్పుడు నాలుగు పౌన్ల ట్రౌట్ చేపను పట్టాడు. దాన్ని మించింది పట్టి వాడి మొహాన కొట్టాలని లాక్లన్ ముప్ఫయ్యేళ్లు తపస్సు చేశాడు. ఇతను పట్టకముందే వాడు చచ్చి ఊరుకున్నాడు. ఇంత అన్యాయం బావమరుదులే చేస్తారు.

"పోయినవాడితో పంతమేంటి?" అంది ఎఫీ.

"పోయింది వాడు. చేప కాదుగా," అని లాక్లన్ బయల్దేరాడు.

జూన్ నెల. చీకటి పడీ పడనట్టుంది. గాలి ఆగిపోయింది. సన్నదోమలు చెవుల్లో దూరుతున్నాయి. గాలానికి ఎరగా ఈకలతో తానే కట్టిన దొంగ ఈగను నీళ్ల మీదికి విసిరాడు...

బుడుంగ్.

దారం బిగిసింది. కర్ర విల్లులా వంగింది. చేప ఒక్కసారి నీళ్లపైకి లేచింది — పసుప్పచ్చ పొట్ట, ఎర్రచుక్కలు, మూరను మించిన పొడుగు. ఆరు పౌన్లకి తక్కువుండదు. మెల్లగా... మెల్లగా ఒడ్డుకి లాక్కొచ్చాడు. రెండో చెయ్యి చేతివల కోసం చాచాడు —

వెనకాల, "ఉహ్హు."

అదే దగ్గు. అదే విరుపు.

"బావా..." అని గొణిగాడు, తల తిప్పకుండానే. "ఈసారి మాత్రం చిన్నదనకు."

"ఉహ్హు."

భయం కన్నా కోపం ముందొచ్చింది. గిర్రున తిరిగాడు. దారం వదులైంది. చేప తోక ఒక్కటి ఆడించి... పోయింది.

బండ పక్కన ముసలి గొర్రె. నెమరేస్తూ అతన్నే చూస్తోంది. ఇంకోసారి దగ్గింది.

అప్పుడు లాక్లన్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పాస్టర్ భార్య కూడా చదువుతుంది.

కొండ దిగినంతసేపూ ఒకటే ఆలోచన. గొర్రె దగ్గుకి అదిరి చేపను వదిలానంటే లోయలో తలెత్తుకోగలడా? అదే దెయ్యమంటే... కాస్త మర్యాదగా ఉంటుంది.

ఎఫీ పొయ్యి దగ్గర మేజోడు అల్లుతూ కూర్చుంది.

"కనబడ్డాడు," అన్నాడు టోపీ తీసి. "మీ అన్నే. నా వెనకే నిలబడ్డాడు."

అల్లిక ఆగింది. "ఏమైనా అన్నాడా?"

"చేపను చూశాడు. 'ఒప్పుకుంటున్నా లాక్లన్, నాదానికన్నా నీదే పెద్దది' అన్నాడు. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి... చేప జారిపోయింది."

ఎఫీ మొగుడి మొహంలోకి చూసింది. మళ్లీ సూదులు అందుకుంది.

"అయితే అది మా అన్న కాదు," అంది. "ఏ గొర్రో అయ్యుంటుంది."