పిట్ట నోట్లో ఆగిన మాట

మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి రెండో తరగతి ముందు వరండా చిన్న చెరువైపోయింది. ఎవరో చేతులు కడుక్కుని కుళాయి అలాగే వదిలేశారు. నీళ్ళు గడప దాటి క్లాసులోకి పారి, మూలనున్న బొమ్మ ఊరిని తడిపేశాయి. పిల్లలంతా అట్టముక్కలతో కష్టపడి కట్టిన ఊరది. మర్నాడు అమ్మానాన్నలు చూడ్డానికి వస్తారు.

టీచర్ ముఖం ఎర్రబడింది. "ఎవరు చేశారిది?"

కుళాయి పక్కన ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. చొక్కా మోచేతుల దాకా తడిసిపోయింది.

"నే... నే... నేను... కు... కుళా..."

వాడికి మాట తొందరగా రాదు. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది, తోసుకుంటూ తోసుకుంటూ బయటికి వస్తుంది.

సరిగ్గా అప్పుడే వాళ్ళక్క అటుగా వచ్చింది. ఆమె చదివేది ఐదో తరగతి. వసపిట్టలా వాగుతుందని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. తమ్ముడు సగం మాట అంటే మిగతా సగం పిట్టే అనేస్తుంది. అదేదో తనకిచ్చిన ఉద్యోగమైనట్టు.

"నేనే కుళాయి కట్టడం మర్చిపోయాను, సారీ టీచర్ అంటున్నాడు! వాడికి మహా మతిమరుపు టీచర్," అని గడగడా చెప్పేసి, స్నేహితురాళ్ళ వెనక పరుగెత్తింది.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఎవరూ చూడలేదు.

"అయితే రేపు బొమ్మ ఊరి గురించి నువ్వు చెప్పక్కర్లేదు. వేరేవాళ్ళు చెప్తారు," అన్నారు టీచర్.

అందరి ముందూ మాట్లాడతానని వాడు చెయ్యెత్తింది అదే మొదటిసారి. ఆ సంగతి పిట్టకు తెలీదు.

సాయంత్రం బస్సులో తమ్ముడి క్లాసు పిల్ల ఒకతి పిట్ట పక్కన కూర్చుంది.

"పాపం అక్కా, వాడు కుళాయి కట్టేశాడు. నీళ్ళు చూసి పరుగెత్తుకెళ్ళి వాడే కట్టాడు. నేను చూశాను. వదిలేసింది ఎవరో మాకూ తెలీదు."

పిట్ట గబుక్కున తలెత్తింది. ముందు సీట్లో తమ్ముడు కిటికీకి నుదురు ఆనించి బయటికి చూస్తున్నాడు.

మర్నాడు బడికి వెళ్ళగానే పిట్ట టీచర్‌కి నిజం చెప్పేసింది. టీచర్ వాడి ముందు వంగి కూర్చుని, "తప్పు నాది కన్నా. ఈ రోజు నువ్వే చెప్తావా?" అని అడిగారు.

వాడు వద్దన్నట్టు తల ఊపాడు.

ఆ రోజు నుంచి వాడు ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాడు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తాడు. ఆకలేస్తే అమ్మ కొంగు లాగుతాడు. పిట్ట వెళ్ళి, "సారీ రా, ఒట్టు, నిజంగా సారీ రా, ఇంకెప్పుడూ చెయ్యను, కోపమా, మాట్లాడవా," అని ఊపిరి తిప్పుకోకుండా అంటుంది. వాడు అంతా విని, తల ఊపి, తన రంగుపెన్సిళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు.

వాళ్ళింట్లోనే అత్త ఉంటుంది. బస్సు డిపోలో మెకానిక్. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నా వేళ్ళకు గ్రీజు వాసన పోదు. రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు బాల్కనీలో కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటుంది. అప్పుడు అత్తను పలకరించినా లాభం లేదు.

ఆమె కళ్ళు తెరిచేదాకా కాచుకుని, పిట్ట అడిగింది.

"అత్తా, నోరు కట్టేసుకోవడం ఎలా?"

"ప్లాస్టర్ అతికించుకో."

పిట్ట నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడు మాట్లాడబోతే నా నోరు ముందే పరుగెత్తుతుంది అత్తా. నేను ఆపేలోపే అయిపోతుంది."

అత్త పిట్ట కళ్ళు తుడిచింది. తర్వాత, "బస్సులో గాలి ఎక్కడ లీకవుతోందో వినాలంటే మేం ముందు ఇంజన్ ఆపుతాం," అంది. "రేపు నా పక్కన కూర్చో. ఊపిరి వస్తుంటే చూడు. పోతుంటే చూడు."

"అంతేనా?"

"అంతే. కాకపోతే రోజూ."

మొదటి రోజు కళ్ళు మూసుకోగానే ముక్కు దురద పెట్టింది. తర్వాత చెవి. లెక్కల హోంవర్కు గుర్తొచ్చింది. కాలు తిమ్మిరెక్కింది.

"అత్తా, అయిపోయిందా?"

"ఇంకా మొదలే కాలేదే తల్లీ."

రెండో రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. ఒకసారైతే కూర్చునే నిద్రపోయి అత్త మీదికి ఒరిగిపోయింది. అయినా పిట్ట మానలేదు. తమ్ముడు పలకరిస్తాడేమోనన్న ఆశ ఆమెను రోజూ బాల్కనీలోకి లాక్కొచ్చేది.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక పొద్దున వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమనడం ఆపేసింది.

అసలు ఆ శబ్దం ఒకటుందని పిట్టకు అప్పుడే తెలిసింది. అది ఆగేసరికి దాని వెనక దాక్కున్న శబ్దాలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గోడ లోపలి పైపులో నీళ్ళు పైకెక్కుతున్నాయి. పై వాటాలో ఎవరో చెప్పులీడ్చుకుంటూ నడుస్తున్నారు. వీధి చివర సైకిలు చైను కిర్రుమంటోంది. అన్నిటికన్నా దగ్గరగా, చెవుల లోపల, దబ్... దబ్... అంటూ తన గుండె.

ఊపిరి లోపలికి వచ్చింది. పిట్ట పీల్చలేదు. దానంతటదే వచ్చింది. మెల్లగా పోయింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. వీధంతా నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. మళ్ళీ రాదేమోనని పిట్టకు గుబులు పుట్టింది.

వచ్చింది. ఎవరూ పిలవకుండానే.

పిట్ట ఒళ్ళు జలదరించింది. కళ్ళు పెద్దవి చేసి అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా! నేను పీల్చట్లేదు, అదే వస్తోంది! నిద్రపోయినప్పుడు కూడా వచ్చేదా? నేను పుట్టినప్పటినుంచీ వస్తూనే ఉందా?"

"ఆ. నువ్వు వాగుతున్నంతసేపూ వస్తూనే ఉంది," అంది అత్త.

ఆ రోజంతా పిట్ట మనుషులను వింతగా చూసింది. బస్సు డ్రైవరు ఖాకీ చొక్కా పైకి లేచి దిగుతోంది. బోర్డు మీద రాస్తున్న మాస్టారి భుజాలు లేచి దిగుతున్నాయి. గేటు దగ్గర పడుకున్న కుక్క పొట్ట కూడా. ఇంత పెద్ద సంగతి అందరిలోనూ జరిగిపోతుంటే ఎవరూ దాని గురించి మాట్లాడుకోరేమిటి?

తర్వాత ఇంకో సంగతి కనిపెట్టింది. మాట నోట్లోకి వచ్చేముందు గొంతులో ఏదో చిన్నగా కదులుతుంది, ఎక్కిళ్ళు వచ్చేముందు కదిలినట్టు. అది కనిపిస్తే ఆగొచ్చు. ఒక్కోసారి కనిపించేది కాదు. లెక్కల క్లాసులో పక్కవాడి జవాబు తనే అరిచేసి నాలిక్కరుచుకుంది. కానీ ఒక స్నేహితురాలు మాత్రం, "ఏంటే, ఈ మధ్య నా కథ చివరిదాకా వింటున్నావ్!" అని ఆశ్చర్యపోయింది.

తమ్ముడు ఇంకా పలకలేదు.

ఒకరోజు పొద్దున పిట్ట కాళ్ళు చాపుకుని బాల్కనీలో అత్త పక్కన కూర్చుంది. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. ఎదురుగా, తలుపు పక్కన, తమ్ముడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాడి పెదవులు కదిలాయి.

"అ... అక్కా. చీ... చీ..."

చీపురా? చీపురు కావాలా? ఆ మాట పిట్ట నాలుక చివరి దాకా వచ్చేసింది. గొంతులో కదలిక తెలిసింది. పిట్ట దాన్ని చూసింది. ఒక ఊపిరి వచ్చి పోయింది. మాట అక్కడే ఆగి, కరిగిపోయింది.

"చీ... చీ..."

లోపల్నుంచి అమ్మ కేకేసింది. "ఏమర్రా, బస్సు టైమవుతోంది! వాడికేం కావాలో చూడవే!"

అత్త చప్పుడు చెయ్యకుండా లేచి లోపలికి వెళ్ళింది. అమ్మ గొంతు మళ్ళీ వినబడలేదు.

పిట్ట తమ్ముడి ముఖంలోకి చూస్తూ కూర్చుంది. వాడి మెడ దగ్గర నరం బిగిసింది, వదులైంది. ఒక మాట పుట్టడం అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"చీ... చీమలు," అన్నాడు తమ్ముడు. "నీ కా... కాలు దాకా వచ్చి... చుట్టూ తి... తిరిగి వెళ్తున్నాయి. రో... రోజూ. నువ్వు క... కదలవు కదా. నువ్వు కొం... కొండవి అనుకుంటున్నాయి."

పిట్ట వంగి చూసింది. గోడ వెంట తిన్నగా వస్తున్న చీమల బారు ఆమె మడమ దగ్గర వంపు తిరిగి, దాన్ని చుట్టి, మళ్ళీ తిన్నగా సాగిపోతోంది. ఒక్కో చీమ నోట్లో తెల్లని నూక.

రోజూ! రోజూ వాడు తలుపు పక్కన కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఇంత అందమైన మాట వాడి లోపల ఇన్నాళ్ళుగా ఉంది. చీపురని తను అనేసి ఉంటే ఎప్పటికీ వినేది కాదు.

కింద బస్సు హారన్ మోగింది. తమ్ముడు ఉలిక్కిపడి గేటు వైపు చూసి, నోరు మూసుకున్నాడు.

పిట్ట లేవలేదు. చీమలకు అడ్డం రాకుండా కాస్త జరిగి, వాడికి చోటిచ్చింది. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. హారన్ మళ్ళీ మోగింది. పిట్ట వాడి కళ్ళలోకే చూస్తోంది.

వాడు గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు.

"ఇం... ఇంకోటి... చె... చెప్తా అక్కా."