గోడ కదులుతోంది!

పరుగు... పరుగు... పరుగు!

నాగలతకి ఊపిరి అందడం లేదు. హెల్మెట్ లైటు ముందు నల్లటి సొరంగం తప్ప ఏమీ లేదు. బయట ఎర్రగుంట్ల మిట్టమధ్యాహ్నపు ఎండకి మాడిపోతుంటుంది. ఇక్కడ మాత్రం పగలూ రాత్రీ ఒకటే.

వెనక బూట్ల చప్పుడు!

మునీంద్ర... సైట్ ఇన్‌చార్జి. చేతిలో పిస్టల్!

"ఏమ్మీ, నిలబడు! ఆ ట్యాబ్ ఇచ్చేసి పో... నీ జోలికి రాను!"

నమ్మడానికి ఆమె ఏమన్నా చిన్నపిల్లా?

పరుగెడుతూనే ట్యాబ్ చూస్తుంది. సొరంగం గోడ పొడవునా అతికించిన ఆప్టికల్ ఫైబర్... వెంట్రుకంత గాజు తీగ. గోడ కాస్త జరిగినా, పక్కన మనిషి నడిచినా స్క్రీన్ మీద గీత లేస్తుంది. ఆ తీగ వేయించిన ఇంజనీరు తనే.

పద్నాలుగు వందల మీటర్ల దగ్గర ఎర్ర గీత!

పొద్దున రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడు పదకొండు!

అలారం మోగాలి. మోగదు. మునీంద్ర ఆపేయించాడు. పోయిన నెలా ఇంతే... ఫైబర్ ఆరు గంటల ముందే చెప్పినా పని ఆపలేదు. కూలీలు హనుమేష్, రామకృష్ణ రాళ్ల కింద నలిగిపోయారు. 'అనుకోని ప్రమాదం' అని రాసి చేతులు దులుపుకున్నాడు దొంగవెధవ. ఆ రికార్డంతా ఈ ట్యాబ్‌లో ఉంది.

ఎడమవైపు పక్కదారి! మూడు నిమిషాల్లో బయటపడొచ్చు. నేరుగా పోలీస్ స్టేషన్!

కానీ సొరంగం చివర నారాయణ మేస్త్రితో కలిపి ముప్పై ఒక్క మంది పనిలో ఉన్నారు. ఆ కదిలే గోడ పక్క నుంచే వాళ్లు బయటికి రావాలి. ఇప్పుడే రావాలి!

నాగలత పక్కదారి వదిలేస్తుంది.

పైనుంచి మట్టి రాలుతోంది. పద్నాలుగు వందలు... దాటేసింది!

"నారాయణన్నా! అందర్నీ తీసకరాన్నా!"

ఫ్యాన్ల హోరులో ఆ అరుపు పది అడుగులు కూడా పోదు. ఇంకా ఆరు వందల మీటర్లు ఉంది. స్క్రీన్ మీద మునీంద్ర అడుగులు దగ్గరపడుతున్నాయి. నలభై మీటర్లు... ఇరవై...

వాళ్ల దగ్గరికి చేరడం ఇక తన వల్ల కాదు. ఆ సంగతి తెలిసిపోయి ఏడుపొస్తోంది.

ఆగుతుంది. వెనక్కి తిరుగుతుంది.

"యాడికి పోతావింక?" మునీంద్ర రొప్పుతున్నాడు.

"యాడికీ పోను. ఏం సార్, ఇద్దర్ని సంపినోడివి... ఆడదాన్ని కాల్చేదానికి దమ్ము లేదా?"

"నోరు ముయ్!"

"కాల్చప్పా... కాల్చు!"

ఢాం!

తొడలో నిప్పు పెట్టినట్టయింది. నాగలత కూలిపోతుంది. ఆ ఇరుకులో చప్పుడు గోడగోడకీ తగిలి సొరంగం చివరిదాకా దొర్లుకుంటూ పోయింది.

మునీంద్ర ట్యాబ్ కోసం వంగి... ఆగిపోతాడు.

ఆమె నవ్వుతోంది!

"ఏంటికే ఆ నవ్వు?"

"ఐదేండ్లు ఏసీ రూములో కూసుంటే నీకేం తెలుస్తాది సార్? మందు పేల్చే ముందు నారాయణ మేస్త్రి మూడు ఈలలు ఏస్తాడు. ఈల లేకుండా ఏం పేలినా... కప్పు కూల్తాందని లెక్క. యాడి పని ఆడ పారేసి ఉరుకుతారు!"

ట్యాబ్ మీద రెండు వేల మీటర్ల దగ్గర గీత లేచింది.

ఒకటి... పది... ముప్పై ఒకటి!

అన్నీ ఇటే వస్తున్నాయి.