ఖాళీగా ఉంచాల్సిన గడి

రండర్రా, ఇంకాస్త ముందుకు జరగండి. బడి మెట్ల మీద ఎండ చల్లబడింది, కూర్చోండి. ఆ ఇనుప కమ్మీని టంగుటంగుమని కొడుతున్నదెవరు? ఆపండి. నా చెవికి ఆ చప్పుడు పడదు.

మీ మార్కుల పత్రాల మీద ముద్ర వేయడానికి నేను అంతసేపు తీసుకుంటానని నవ్వుకుంటారు కదా. ఎందుకో ఇవాళ చెప్తాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. తాతయ్య పోయి మూడేళ్లయింది. రేవు అవతలి ఓడల కార్ఖానాలో ఆయన నక్షాలు సరిచూసేవాడు. అక్కడ ఒక మహా యుద్ధనౌకను కట్టారు. ఎవరి కంటా పడకుండా పీచు తెరలు వేలాడదీసి మరీ కట్టారు. యుద్ధం ఓడిపోయిన వారం ఆ నౌక కాగితాలన్నీ కాల్చేయమన్నారు. తాతయ్య మాత్రం ఒక్క నక్షాను చొక్కా కింద ఒంటికి చుట్టుకుని ఇంటికి తెచ్చాడు.

పోయేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "అందులో ఒక గడి ఖాళీగా ఉంటుందిరా. లోపలివాడు బయటికి వచ్చేదాకా దాన్ని ఖాళీగానే ఉండనీ" అన్నాడు. జ్వరంలో మాటలనుకున్నాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం పడవ దిగి చిగుసా గారు వచ్చారు. పట్నం మ్యూజియంలో పని ఆవిడది. కాల్చగా మిగిలిన ఆ నౌక నక్షాలను పదకొండేళ్లుగా ఊరూరా వెతుకుతున్నారు. తాతయ్య కొట్టుగదిలోకి తీసుకెళ్లాను. మూరెడు మందం మట్టిగోడలు, కిటికీ లేదు, ఒక్కటే తలుపు. అది బార్లా తెరిచి ఉంచాను. బయట నారింజ చెట్ల మీద కీచురాళ్లు చెవులు తూట్లు పడేలా అరుస్తున్నాయి.

ఆవిడ తెల్ల తొడుగులు వేసుకుని నక్షాను బల్ల మీద పరిచారు. మైనం పూసిన పలచని బట్ట, దాని మీద వెంట్రుకలాంటి గీతలు.

"ఊపిరి తగలనీకండి మాస్టారూ."

"మా తాతయ్య గీతల మీద నా ఊపిరి కూడా తగలకూడదా?"

"తాతయ్య మీవాడే. గీతలు అందరివీ. కాస్త అటు జరగండి."

నౌక అడుగున ఉండే ఒక చిన్న ఇనుప గది అది. మూలన బొటనవేలి గోరంత మనిషి బొమ్మ, గొంతుక్కూర్చుని, అరచెయ్యి గోడకి ఆనించి ఉంది.

"కొలత తెలియడానికి మనిషిని గీస్తారు. కానీ నిలబెట్టి గీస్తారు" అన్నారావిడ. తర్వాత గొంతు తగ్గించి, "ఈ గదికి మనిషి దూరే కంత ఏది?" అన్నారు.

లేదు. ఎక్కడా లేదు. ఒక గోడ మీద మాత్రం గుండ్రంగా, బ్లేడుతో గీకిన మచ్చ ఉంది. ఎన్నిసార్లు గీకారో, అక్కడ బట్ట ఉల్లిపొరలా పలచబడింది.

కింద నాలుగు ముద్రల గడులు. మొదటిది పెద్ద అధికారిది, నిటారుగా ఉంది. తర్వాతి రెండూ అటువైపు వంగి ఉన్నాయి. పై అధికారికి దండం పెట్టినట్టు కిందివాడు ముద్రను వంచి వేయడం మర్యాద కదా. నాలుగోది, సరిచూసేవాడి గడి, ఖాళీ.

"పెద్దాయన చూడకుండా వేశాడు. ఆయన వేశాడు కదా అని వీళ్లు వంగారు" అన్నారు చిగుసా గారు. "అలాగే కట్టేశారు కూడా. ఆ వారం తోకుజి అని రివెట్లు కొట్టేవాడొకడు పనిలోకి వచ్చినట్టు హాజరుంది. ఇంటికి వెళ్లినట్టు లేదు. వెయ్యి సుత్తుల మోతలో లోపలినుంచి ఒకడు కొడితే ఎవరికి వినిపిస్తుంది మాస్టారూ?"

నక్షాను మ్యూజియానికి ఇస్తున్నట్టు రాసిన కాగితం మీద నేను ఇంటిపేరు ముద్ర వేయాలి. ఆవిడ అటు తిరిగి పెట్టె సర్దుకుంటున్నారు. కాగితం పెట్టడానికి చదునైన చోటు బల్ల ఒక్కటే. నక్షా మీదే పెట్టాను. తాతయ్య వాడిన ముద్రే, ఇంటిపేరు ఒకటే కదా. ఆవిడ నాకంటే పెద్దవారు, మర్యాదకి కాస్త వంచి, గట్టిగా నొక్కాను.

కాగితం పలచన. సిరా ఎక్కువైంది. ఎత్తి చూస్తే... నాలుగో గడిలో మా ఇంటిపేరు. ఎర్రగా, తడిగా, ముగ్గురివైపూ వంగి.

చప్పుడేమీ కాలేదు. వెలుతురు పోయింది, అంతే. కీచురాళ్లు ఆగిపోయాయి.

చిగుసా గారు టార్చి వేశారు. తలుపున్న చోట గోడ. తడిమాను. మట్టి కాదు. చల్లటి ఇనుము. వేళ్ల కింద వరసగా గుండ్రటి రివెట్ల తలలు. పచ్చి రంగు వాసన. కాలిన ఇనుము వాసన.

టంగ్... టంగ్... టంగ్.

మూలనుంచి.

"ఇద్దరమే కదా ఇక్కడ?" అన్నాను.

"ఇద్దరమే. లైటు అటు తిప్పను. మీరూ చూడకండి."

గాలి బరువెక్కింది. పీల్చిన గాలినే మళ్లీ పీలుస్తున్నట్టుంది. అరిచాను. నా అరుపు నా మొహానికే కొట్టింది. ఎంతసేపైందో తెలియదు. ఆవిడ నా చేతిలో పెన్సిలు పెట్టారు.

"కంత గీయండి."

"నక్షా పాడవుతుంది."

"పాడవనీండి. ఇంట్లో నాకు ఆరేళ్ల కూతురుంది... నా చెయ్యి రావట్లేదు మాస్టారూ, పదకొండేళ్లలో దేనిమీదా ఒక్క చుక్క పెట్టలేదు. మీరు గీయండి."

గీకిన మచ్చ మీదే మొదలుపెట్టాను. సగం గీసేసరికి మెడ వెనక వెచ్చగా ఊపిరి తగిలింది. ఆవిడ నాకు ఎదురుగా ఉన్నారు... టార్చి పట్టుకుని. ఆ ఊపిరి వంగి చూస్తోంది. తొందరపడుతోంది.

గీత రెండు కొసలూ కలిశాయి.

కీచురాళ్లు. ఎండ. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా ఇద్దరం నక్షాను చుట్టి పట్టుకుని మోకాళ్ల మీద పాకుతూ బయటపడ్డాం.

చెట్టు కింద నక్షా విప్పాం. ముద్ర ఉంది. నేను గీసిన కంత ఉంది. మూలన మనిషి బొమ్మ లేదు. చెరిపిన ఆనవాలూ లేదు. అక్కడ బట్ట కొత్తదానిలా నున్నగా ఉంది.

చిగుసా గారు గీకిన మచ్చను ఎండకి పట్టి చూశారు. "మీ తాతయ్యా ఇక్కడ కంత గీశాడన్నమాట. చాలాసార్లు" అన్నారు. "మరి ప్రతిసారీ ఎందుకు గీకేశాడు?"

గీత కొసలు కలవకముందే ఆ ఊపిరి ఆయన మెడకీ తగిలిందేమో. అప్పట్నుంచీ ప్రతి గీతా చూశాకే ముద్ర వేస్తాను. నిటారుగా వేస్తాను. మీరు పెద్దయ్యాక మీరూ అంతే. పైవాడు వేశాడు కదా అని వంగకండి.

ఇక లేవండి, పొద్దుపోయింది. మిసో చారు చల్లారితే మీ అమ్మలు నన్ను తిడతారు.

కమ్మీని కొట్టొద్దని మొదట్లోనే చెప్పానా లేదా? ఎవరది... మూడుసార్లు?

ఏవీ, చేతులు చూపించండి. అందరూ.

...అందరివీ ఖాళీ చేతులే. సరే. అన్నాలకి వెళ్లండి. ఆ కమ్మీ వైపు కాదు, ఇటునుంచి.